గేటు స్తంభాలు

ఆ హైస్కూల్లో చోటు లేదనడం పూర్తిగా నిజం కాదు. మెట్ల కింద కాస్త ఉండేది. సోషల్ టీచరు ఎనిమిదో తరగతికి పాఠం చెప్పేది అక్కడే. పొడుగు పిల్లల్ని మెట్ల అడుగుభాగం ఎత్తుగా ఉన్న వైపు, పొట్టివాళ్లను అది వంగిన వైపు కూర్చోబెట్టేది. ఏడాది మధ్యలో ఎవడైనా ఉన్నట్టుండి ఎదిగాడంటే నెత్తి బొప్పికట్టేది, అప్పుడు ఆవిడ వాణ్ని లేపి ఎత్తువైపుకు మార్చేది. గంట కొట్టగానే పై అంతస్తు పిల్లలంతా ఒక్కసారిగా దిగేవాళ్లు. సముద్రాలూ రాజ్యాలూ అన్నీ ఆ కాళ్ల చప్పుడులో కొట్టుకుపోయేవి.

తప్పు బడిది కాదు. ఊరు పక్కకు పొంగింది. రైలు పట్టాల అవతలి ఖాళీ నేలంతా చూస్తుండగానే కొత్త కాలనీ అయిపోయింది. ఇంటికో కారు, కారుకో ఇద్దరు పిల్లలు. ఆ పిల్లలందరూ ఎక్కడికి పోతారు, ఉన్న ఒక్క హైస్కూలుకే వచ్చారు. సైన్సు ల్యాబు తరగతి గది అయింది, గాజు సామానంతా అటకెక్కింది. లైబ్రరీ తరగతి గది అయింది. వరండాకు మధ్యలో తడిక కట్టి రెండు తరగతులు చేశారు. చివరికి పొద్దున ఒక బ్యాచి, మధ్యాహ్నం ఒక బ్యాచి అన్నారు. హెడ్మాస్టరు తన గదిలో సగం ఆరో తరగతికి ఇచ్చేసి, ఫోను మోగినప్పుడల్లా బయటికెళ్లి చెట్టు కింద మాట్లాడేవాడు.

సోషల్ టీచరు ఉండేది పట్టాలకు ఇటువైపు, వెనక వీధుల్లో. దేనికి వెనకో ఎవర్నడిగినా చెప్పలేరు. ఎవరో ఎప్పుడో ఆ పేరు పెట్టారు, అది అలా అతుక్కుపోయింది. చిన్న ఇళ్లు, ఆనుకున్న గోడలు, ఒకళ్లింట్లో దగ్గితే పక్కింటివాళ్లు మందు చెప్పేంత దగ్గరితనం. ఆ వీధుల చివర పెద్ద ఖాళీ స్థలం ఉండేది. ఊరికి ప్లాను వేసినప్పుడే అది వెనక వీధులవాళ్ల ఆటస్థలమని తేల్చిపెట్టారు. పిల్లలు బంతాడుకునేదీ, బట్టలారేసుకునేదీ, ఇంట్లో పోట్లాడిన మొగుళ్లు కోపం చల్లారేదాకా పచార్లు చేసేదీ అక్కడే.

కొత్త హైస్కూలు కట్టాలని కమిటీ ఒకటి ఏర్పడ్డాక, దాని కన్ను ఈ స్థలం మీద పడింది. అంత నేల ఊళ్లో ఇంకెక్కడా లేదు. అయితే వెనక వీధులవాళ్లు మీటింగులో చేతులెత్తి సరేనంటే తప్ప దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. కమిటీలో ఉన్నవాళ్లలో చాలామంది కాలనీవాళ్లు. ఈ వీధుల్లోకి వచ్చి అడిగే మొహం వాళ్లకు లేదు. ఆ మొహం ఉన్నది సోషల్ టీచరుకు. బడి ప్లాను గీసే పని దక్కింది సోషల్ టీచరు తమ్ముడికి.

తమ్ముడంటే ఆవిడకు తమ్ముడు మాత్రమే కాదు. తల్లి పోయేనాటికి వాడికి సరిగ్గా ఊహ కూడా తెలియదు. ఈవిడే కళ్లలో పెట్టుకుని పెంచింది. సాయంత్రం బడి నుంచి వస్తూ అరిగిపోయిన సుద్దముక్కలు సంచిలో వేసుకొచ్చేది. వాడు వాటితో నేలంతా ఇళ్లు గీసేవాడు. తలుపు ఎక్కడ గీశాడో చూసుకుని మరీ అడుగెయ్యాలి, పొరపాటున గోడ తొక్కితే ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేవాడు. ఆవిడ పొయ్యి మీద గిన్నె మాడిపోతున్నా సరే, చుట్టూ తిరిగి వాడి తలుపులోంచే వంటింట్లోకి వెళ్లేది. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా వీడి చదువు కానీ అని దాటేసింది. చదువయ్యేసరికి అడిగేవాళ్లు మానేశారు. వాడు ఆర్కిటెక్టయ్యాడు, పెళ్లి చేసుకున్నాడు, కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయాడు. ఎంత పెద్దవాడైనా ఆవిడ కళ్లకు మాత్రం మోకాళ్లకు సుద్దపొడి అంటిన పిల్లాడే.

వాడు ఒక ఆదివారం ప్లాను చుట్ట చంకలో పెట్టుకుని అక్క ఇంటికొచ్చాడు. నువ్వు చెప్తే వింటారక్కా అన్నాడు. ఆవిడకు సంతోషం పట్టలేకపోయింది. ఎన్నేళ్లుగానో ఈ బడి కోసం కనబడ్డవాళ్లందరి చెవినిల్లు కట్టుకుని పోరింది ఆవిడే. అయినా ఒక్కమాట అడిగింది.

"మన వీధుల పిల్లలకి అందులో చోటుంటుంది కదరా?"

"వాళ్ల స్థలంలో కడుతూ వాళ్లకి చోటు లేకుండా ఎలా ఉంటుందక్కా?"

ఆవిడ తృప్తిగా నవ్వి టీ పెట్టడానికి లేచింది. ప్రశ్న అడిగితే ఎదురు ప్రశ్న వేసే పిల్లాణ్ని తరగతిలో ఏనాడూ వదిలిపెట్టని మనిషి. వాడు హోంవర్కు చెయ్యలేదని ఇట్టే పట్టేసేది. తమ్ముడి దగ్గర ఆ తెలివి ఎటు పోయిందో మరి.

ముందుగా పక్కింటి టైలరు వదినకు చెప్పింది. వాళ్లిద్దరికీ చుట్టరికం లేదు గానీ, ఈవిడా వదినా అనేది, ఆవిడా వదినా అనేది. అక్క ఏమని పిలిస్తే తమ్ముడూ అదే. టైలరు వదిన మొగుడు లారీ మీద వెళ్లి నెలకోసారి కనిపించేవాడు. ఆవిడ కుట్టుమిషన్ మాత్రం ఒక్కరోజు ఆగేది కాదు. ఊళ్లో సగం మంది పిల్లల యూనిఫారాలు ఆ మిషన్ కిందనుంచి వచ్చినవే. కూతురు ఎనిమిదో తరగతి, అంటే మెట్ల కింద బ్యాచి. ఆ పిల్లను అందరూ గడుగ్గాయి అనేవాళ్లు. తలుపంటూ లేని తరగతి కాబట్టి లోపలికి రావచ్చా అని అడిగే అలవాటే దానికి లేదు, గాలిలా వచ్చి పడేది. బళ్లో మేడమ్ అనాలి, ఇంట్లో అత్తా అనాలి అని ఎన్నిసార్లు చెప్పినా పాఠం మధ్యలో చెయ్యెత్తి "అత్తా, నాకు తెలుసు" అనేది. క్లాసంతా గొల్లుమనేది. టీచరు కళ్లెర్రజేసేది, లోపల్లోపల మురిసిపోయేది.

గడుగ్గాయికి సైన్సు పిచ్చి. ల్యాబు అనేదాన్ని చూడకుండానే దాని గురించి గంటలు మాట్లాడేది. అటక మీది గాజు గొట్టాలు చూస్తానని ఒకసారి కిటికీ ఊచలు పట్టుకుని పైకెక్కి తన్నులు తింది. వచ్చే ఏడాది తొమ్మిదిలోకి వస్తుంది, అప్పటికి ల్యాబున్న బళ్లో కూర్చుంటే చాలని తల్లి కోరిక. కొత్త బడి గురించి చెప్పగానే టైలరు వదిన మిషన్ ఆపి, నీ మాటే నా మాట వదినా అంది.

మిగతావాళ్లు అంత తేలిగ్గా లొంగలేదు. సైకిలు షాపాయన అసలే అనుమానం మనిషి. ఎత్తిన చేతులు దించుకోగలం గానీ ఇచ్చిన స్థలం వెనక్కి తెచ్చుకోగలమా అని అడిగాడు. ప్లాను కాగితం చూపిస్తే అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు. ఆ గీతల్లో ఏది గదో ఏది గోడో ఎవరికీ అంతుపట్టలేదు. అప్పుడు టీచరుకే ఆ ఆలోచన వచ్చింది. తమ్ముణ్ని పిలిచి, కాగితం మీద కాదు, నేల మీద గియ్యి, బడి ఎంతుంటుందో అంతా గియ్యి, మేం లోపల తిరిగి చూస్తాం అంది. వాడు ఒక్క క్షణం తటపటాయించి, సరేనన్నాడు.

ఆ తరవాతి ఆదివారం స్థలమంతా తిరునాళ్లయిపోయింది. సున్నపు పొడి బస్తాలొచ్చాయి. వాడు టేపు పట్టుకుని కొలుస్తుంటే పిల్లలు తాడు లాగి పట్టుకున్నారు, పెద్దవాళ్లు తాడు వెంట సున్నం పోశారు. ఇది స్టాఫ్ రూము, ఇది తొమ్మిదో తరగతి, ఇది లైబ్రరీ. లైబ్రరీ సరిగ్గా వెనక వీధులకు ఎదురుగా వచ్చింది. సాయంత్రం బడి అయ్యాక మీ ఆడవాళ్లు కూడా వచ్చి చదువుకోవచ్చు అన్నాడు. ల్యాబు గీతలు పూర్తికాకముందే గడుగ్గాయి వెళ్లి ఒక మూల బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఇది కిటికీ పక్క, ఇది నా చోటు, ఎవరైనా వచ్చారంటే ఊరుకోను అంది. ఇంకో పిల్ల పక్కన కూర్చోబోతే సున్నం చల్లి తరిమింది.

ఇక మిగిలింది గేటు. దానికి సున్నపు గీత సరిపోదు, స్తంభాలు కావాలి. వాడు చుట్టూ చూసి నవ్వాడు.

"వదినా, నువ్వు ఇక్కడ నిలబడు. అక్కా, నువ్వు ఇక్కడ. మీరిద్దరూ గేటు స్తంభాలు."

ఇద్దరూ ఎదురెదురుగా బిగుసుకుని నిలబడ్డారు. వీధి పిల్లలంతా వాళ్ల మధ్యనుంచి బడిలోకి పరుగెత్తారు, మళ్లీ బయటికొచ్చారు, మళ్లీ లోపలికి పోయారు. స్తంభం కదలకూడదా, నా ముక్కు దురద పెడుతోందే అని టైలరు వదిన అంటే, గోక్కోకు వదినా, గేటు కూలిపోతుంది అని ఈవిడ అంది. నవ్వి నవ్వి ఇద్దరికీ కళ్లలో నీళ్లు తిరిగాయి. చివర్లో సైకిలు షాపాయన చెప్పులు బయట విప్పి మరీ ఆ గేటులోంచి లోపలికెళ్లాడు. గది గదీ తిరిగాడు. ఎక్కడా గీత తొక్కకుండా వచ్చిన దారినే బయటికొచ్చి, అక్కడికక్కడే చెయ్యెత్తాడు.

వాళ్లు చేసిన పొరపాటు అదే. పదిమంది ఎదుట గీసిన గీత ఎక్కడికీ పోదనుకున్నారు. మిగతావాళ్లంటే సరే. గంటకోసారి తన చేత్తో తనే బోర్డు తుడిచే టీచరు కూడా అలాగే అనుకుంది.

మీటింగు రోజున అందరికంటే ముందు చెయ్యెత్తింది టైలరు వదిన. ఎత్తేముందు పక్కకు తిరిగి టీచరు మొహం ఒకసారి చూసింది. ఆ తరవాత వీధులకు వీధులే చేతులెత్తాయి.

పునాదులు తవ్వారు, పిల్లర్లు లేచాయి. పొద్దున్నే కుళాయి దగ్గర కలిసినప్పుడల్లా "ఏం స్తంభం, బాగున్నావా" అని ఈవిడంటే, "నిలబడే ఉన్నాలే స్తంభం" అని ఆవిడనేది. పిల్లలు ఆటస్థలం లేక వీధిలో ఆడి కిటికీ అద్దాలు పగలగొడుతున్నా ఎవరూ పెద్దగా విసుక్కోలేదు. కొన్నాళ్ల పాటే కదా అనుకున్నారు.

వీధులవైపు ప్రహరీ గోడ లేచింది. ఈ చివర నుంచి ఆ చివరకు ఎక్కడా సందు లేకుండా లేచింది. టీచరు తమ్ముడికి ఫోను చేసి అడిగింది. సామాను పోకుండా ముందు గోడ మూసేశామక్కా, తరవాత కోసి గేటు పెడతాం అన్నాడు. ఆవిడ ఆ మాటే మోసుకొచ్చి వీధిలో చెప్పింది. ఇంకొన్నాళ్లకు బిల్డింగుకు ఇటువైపు చిన్న చిన్న వెంటిలేటర్లు పెట్టారు. లైబ్రరీకి ఇంతింత కిటికీలేమిటని సైకిలు షాపాయన అడిగితే మేస్త్రీలు నవ్వారు, అవి మరుగుదొడ్లన్నారు. ఆవిడ మళ్లీ ఫోను చేసింది. నేల వాలు అటుంది, పైపులు అటే వెయ్యాలి, లైబ్రరీ రెండోవైపు పెట్టాం అన్నాడు. ఆవిడ అదీ నమ్మింది, అదీ వీధిలో చెప్పింది. సైకిలు షాపాయన తిరిగి పంక్చరు పనిలో పడ్డాడు. టైలరు వదిన మాత్రం పైపుల గురించి మనకేం తెలుసు, తమ్ముడికి తెలియదా అంది. అప్పటికే కొత్త బడి యూనిఫారం గుడ్డ ఏ రంగో కమిటీ చెప్పింది, ముదురాకుపచ్చ. ఆవిడ అందరికంటే ముందు గడుగ్గాయికే కుట్టింది. ఏడాదిలో ఎదుగుతుందని చేతులు కాస్త పొడుగ్గా వదిలింది.

బళ్లు తెరవడానికి ముందు పాత హైస్కూలు ఆవరణలో మీటింగు పెట్టారు. కాలనీవాళ్లు ముందు కుర్చీల్లో, వెనక వీధులవాళ్లు వెనక బెంచీల మీద కూర్చున్నారు. ఎవరూ అలా కూర్చోమనలేదు, అలా కుదిరిపోయింది. టీచరు టైలరు వదిన పక్కన కూర్చుంది. తమ్ముడు మొదటి వరసలో ఉన్నాడు. కమిటీ పెద్దమనిషి ఊరి మ్యాపు తగిలించి, ఏ ఇళ్ల పిల్లలు ఏ బడికి వెళ్లాలో తేల్చే ఎర్రగీతను వేలితో చూపించాడు. గీత పట్టాల వెంట రాలేదు. బడి వెనక గోడ వెంట వచ్చింది. కొత్త బడి నేల మొత్తం గీతకు అటు పడింది, ఆ నేల ఇచ్చిన వీధులన్నీ ఇటు పడ్డాయి.

ఆయన చాలా మర్యాదగా చెప్పాడు. కాలనీ పిల్లలంతా కొత్త బడికి వెళ్లిపోతున్నారు కాబట్టి పాత బడి ఖాళీ అవుతుందట. వెనక వీధుల పిల్లలకి ఇకమీదట మెట్ల కింద కూర్చునే బాధ ఉండదట. అందరికీ మంచే జరిగిందట. వెనక బెంచీల్లో ఎవరికీ ఆ మాటలు వెంటనే బుర్రకెక్కలేదు. ఎక్కేలోపు ఆయన రెండో మాట కూడా చెప్పేశాడు. ఈ బడి కోసం మొదటినుంచీ కాళ్లరిగేలా తిరిగిన సోషల్ మేడమ్ గారినే కొత్త బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా వేస్తున్నాం అన్నాడు. ముందు కుర్చీలన్నీ వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టాయి. తమ్ముడు మాత్రం వెనక్కి తిరగలేదు.

టైలరు వదిన తిరిగి చూసింది.

"వదినా, నీకు తెలుసా?"

తెలియదని ఒక్క ముక్క టీచరు అనేస్తే సరిపోయేది, ఆ ఒక్క ముక్కే రాలేదు. ముందు వాళ్లు ఇంకా చప్పట్లు కొడుతున్నారు. ఆ మాట రాకపోవడాన్నే జవాబనుకుని టైలరు వదిన కూతురి చెయ్యి పట్టుకుని లేచింది. ఆవిడ వెనకే బెంచీలన్నీ ఖాళీ అయ్యాయి. సైకిలు షాపాయన టీచరు ముందు ఆగి, చెయ్యెత్తాడు. కాసేపు అలా ఎత్తి ఉంచి, దించుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఆవిడ కొత్త బడికి వెళ్లింది. ఇంటి గుమ్మంలో నిలబడితే ఎదురుగా కనిపించే బడికి, వీధులన్నీ చుట్టి, రైలు గేటు దాటి, కాలనీ మీదుగా నడిచి, మళ్లీ పట్టాలు దాటి, అటువైపు గేటులోంచి పోవాల్సి వచ్చింది. తమ్ముడు ల్యాబులో ఉన్నాడు, కుళాయిలు సరిగ్గా వస్తున్నాయో లేదో తిప్పి చూస్తున్నాడు. ల్యాబు చాలా బాగుంది. కిటికీలోంచి వెలుతురు సరిగ్గా ఆ మూల బల్ల మీద పడుతోంది. గడుగ్గాయి కూర్చున్న మూల అదే.

"ఆ గోడలోంచి గేటు ఎప్పుడు తీసేశావురా?"

వాడు కుళాయి కట్టేశాడు.

"అసలు ప్లానులో లేదక్కా."

"సున్నం పోసిన రోజు?"

"ఆ రోజుకీ లేదు."

ఆవిడ పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. వాడు గడగడా చెప్పుకుపోయాడు. కాలనీవాళ్లు మొదటిరోజే తేల్చి చెప్పేశారట. వెనక వీధుల పిల్లలు వస్తే తమ పిల్లల్ని పంపేది లేదన్నారట. కాలనీవాళ్లు కాదంటే కమిటీ బడి ఊసే ఎత్తేది కాదట. బడి రాకపోతే ఈ పిల్లలు ఎప్పటికీ మెట్ల కిందే ఉండేవాళ్లు కదా, ఇప్పుడు కనీసం గదుల్లో కూర్చుంటారు కదా. అందులో అబద్ధం లేదు. అదే ఆవిడకు ఒళ్లు మండించింది. వాడి మాటలో ఎక్కడా పట్టుకుని గుంజడానికి కొస దొరకలేదు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు అబద్ధం చెప్పడం చేతకాదక్కా. నీకు తెలిసుంటే నీ మొహంలో తెలిసిపోయేది. ఒక్కళ్లు కూడా చెయ్యెత్తేవాళ్లు కాదు."

వాడు అది మెచ్చుకోలుగానే అన్నాడు. ఆవిడకు నిలువునా కోసినట్టయింది. ఇన్నేళ్లుగా ఈ వీధుల్లో ఆవిడకున్న ఆస్తి ఆ మొహం ఒక్కటే. దాన్ని వాడు అడక్కుండా తీసుకుని, సుద్దముక్కలా అరగదీసి వాడుకున్నాడు. పరాయివాడు ముంచితే తిట్టుకోవచ్చు, ఊళ్లో చెప్పుకోవచ్చు. ఎత్తుకుని పెంచినవాడు ముంచితే ఎవరితో చెప్పుకోవాలి? ఏడుపొచ్చింది గానీ వాడి ఎదుట ఏడవడం ఇష్టం లేక పళ్లు బిగబట్టింది.

హెడ్‌మిస్ట్రెస్ పని తనే పట్టుబట్టి అడిగి ఇప్పించానన్నాడు. ఎన్నేళ్లని మెట్ల కింద నలుగుతావు, నీకు ఇంతకంటే నేనేం చెయ్యగలను అన్నాడు. నిజంగా అక్క రుణం తీర్చుకున్నాననే అనుకుంటున్నాడు, కళ్లలో ఆ తృప్తి కనిపిస్తోంది. ఆవిడ ఒక్కటే అడిగింది, గోడ కోసి గేటు పెట్టించగలవా అని. నా చేతుల్లో లేదక్కా అన్నాడు.

ఆవిడ లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"అయితే ఆ రోజు మా ఇద్దర్నీ అంతసేపు ఎండలో ఎందుకు నిలబెట్టావురా?"

వాడు నేల వంక చూస్తూ నిలబడ్డాడు. చిన్నప్పుడు ఆవిడ వాడి గోడ తొక్కితే ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చినవాడు. ఆవిడ ఇంక నా గడప తొక్కకు అని చెప్పి వచ్చేసింది.

అటునుంచి అటే కమిటీ పెద్దమనిషి దగ్గరికెళ్లి ఆ పని తనకొద్దని చెప్పింది. ఆయన రెండుసార్లు బతిమాలి, మూడోసారి వాచీ చూసుకున్నాడు. సాయంత్రానికల్లా ఇంకొకర్ని వేసేశారు. ఆ సంగతి చెబుదామని టైలరు వదిన గుమ్మంలోకి వెళ్లింది. ఎప్పుడూ ఆగని మిషన్ ఆగి ఉంది. దాని మీద ముదురాకుపచ్చ గుడ్డ కప్పి ఉంది. కుట్లు విప్పి, ముక్కలు కలిపి మిషనుకు ముసుగు కుట్టింది. పొడుగ్గా వదిలిన చేతులు అటొకటి ఇటొకటి కిందికి వేలాడుతున్నాయి.

"కూర్చోండి మేడమ్ గారూ," అని టైలరు వదిన కుర్చీ తుడిచింది.

ఆ ఇంట్లో టీచరు ఎన్నడూ కుర్చీలో కూర్చోలేదు. మిషన్ పక్కన నేల మీద కూర్చుని గుండీలు ఏరిపెడుతూ మాట్లాడేది. ఆవిడ కూర్చోలేదు. ఆ పని వద్దన్నాను వదినా అంది. అలాగాండీ, మంచిదండీ అంది టైలరు వదిన. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. అదే టీచరు భరించలేకపోయింది.

"నాకు తెలియదు వదినా. ఒట్టు, నాకు తెలియదు."

"తెలిసుండకపోవచ్చండీ," అంది టైలరు వదిన, నింపాదిగా. "నేను చెయ్యెత్తింది మాత్రం మీ మొహం చూసి."

ఆ తరవాత కుళాయి దగ్గర కలిసినా టైలరు వదిన బిందె పక్కకు జరిపి దారిచ్చేది, ముందు మీరు పట్టుకోండి మేడమ్ గారూ అనేది. ఇద్దరి మధ్యా స్తంభం మాట మళ్లీ రాలేదు. వీధిలోనూ అంతే. ఆవిడ ఆ పోస్టు వద్దందంటే, ఇంకా పెద్దదేదో వస్తుంది లెండి అన్నారు. తమ్ముడితో మాటల్లేవంటే, రక్తసంబంధం ఎక్కడికి పోతుంది లెండి అన్నారు. ఎవరూ మర్యాద తక్కువ చెయ్యలేదు.

బళ్లు తెరిచారు. పాత హైస్కూలు సగానికి సగం ఖాళీ అయింది. వరండాలో తడిక తీసేశారు. హెడ్మాస్టరు తన గదిలో కూర్చునే ఫోను మాట్లాడుకున్నాడు. గాజు సామాను అటక దిగింది, పెట్టెల్లో సర్దుకుని కొత్త బడికి వెళ్లిపోయింది. ల్యాబు గది ఉత్త గదిగా మిగిలింది. అది సోషల్ టీచరుకిచ్చారు, తొమ్మిదో తరగతి. కిటికీలున్నాయి, తలుపుంది, పిల్లల కంటే బెంచీలే ఎక్కువున్నాయి. ఇన్నేళ్లూ ఆవిడ కోరుకున్నది అదే. కొత్త బడి గంట కూడా అక్కడికి వినిపించింది.

పిల్లలొచ్చి కూర్చున్నారు. ఆవిడ బోర్డు మీద తారీకు రాస్తుంటే గుమ్మం దగ్గర ఎవరో నిలబడినట్టు అనిపించింది. గడుగ్గాయి. పోయినేడాది యూనిఫారమే వేసుకుంది, చేతులు కురచైపోయాయి. గాలిలా వచ్చి పడే పిల్ల గుమ్మం ఇవతల రెండు కాళ్లూ దగ్గరపెట్టి నిలబడింది.

"మేడమ్, లోపలికి రావచ్చా?"

క్లాసులో ఎవరూ నవ్వలేదు. రామ్మా అంది టీచరు. ఆ పిల్ల లోపలికొచ్చి ఖాళీ బెంచీల మధ్య ఆగిపోయింది.

"ఎక్కడ కూర్చోమంటారు మేడమ్?"

"నీ ఇష్టం వచ్చిన చోట కూర్చో."

"మీరే చెప్పండి మేడమ్."

టీచరు కిటికీ పక్క బెంచీ చూపించింది. గడుగ్గాయి వెళ్లి, పుస్తకాలు పెట్టుకుని, చేతులు కట్టుకుని అక్కడ కూర్చుంది.